అధికారం లేని ఇన్‌స్పెక్టర్

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మా తమ్ముడి ఇంటికి నేను వెళ్ళిన వారం, వాళ్ళమ్మాయి జీసీఎస్ఈ పరీక్షల హడావుడిలో ఉంది. భోజనాల బల్ల నిండా పుస్తకాలే. వాటి మధ్య ఒక పల్చటి నాటకం పుస్తకం, ఏ పేజీ తిప్పినా రంగు గీతలే. పసుపు తండ్రికట, ఆకుపచ్చ తల్లికట, గులాబీ కూతురికి, నీలం కొడుక్కి, నారింజ కాబోయే అల్లుడికి. "పెదనాన్నా, ఒకమ్మాయి చచ్చిపోయింది. ఈ ఐదుగుర్లో ఎవరి బాధ్యత ఎంతో వ్యాసం రాయాలి. నువ్వయితే ఎవరంటావు?" అని అడిగింది.

జె. బి. ప్రీస్ట్లీ రాసిన 'యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్' అది. నా కాలేజీ రోజుల్లో అపరాధ పరిశోధన నాటకం అనుకుని ఒక రాత్రి ఊపిరి బిగబట్టి చదివాను. హంతకుడెవరో చివర్లో తెలుస్తుందనుకున్నాను. తెలియలేదు. నలభై ఏళ్ళ తర్వాత పదిహేనేళ్ళ పిల్ల అదే ప్రశ్న నా ముందు పెట్టింది. దానికి రెండు పేజీల జవాబు చాలు, మార్కులు వస్తాయి. నాకు మాత్రం ఆ వారమంతా అది తెగలేదు.

కథ ఒక రాత్రిలో, ఒకే గదిలో జరిగిపోతుంది. 1912 వసంతం. బ్రమ్లీ అనే కల్పిత పారిశ్రామిక పట్టణం. మిల్లు యజమాని ఆర్థర్ బర్లింగ్ ఇంట్లో కూతురు షీలా నిశ్చితార్థపు విందు. అల్లుడు కాబోయేవాడు జెరాల్డ్ క్రాఫ్ట్, తమకంటే పెద్ద ఇంటి పిల్లవాడు. బర్లింగ్ పట్టలేని సంతోషంలో ఉన్నాడు. యుద్ధం రాదంటాడు. వచ్చే వారం బయల్దేరబోయే టైటానిక్ మునిగే ప్రసక్తే లేదంటాడు. మనిషన్నవాడు తన పని తాను చూసుకోవాలి, తన ఇల్లు తాను చక్కబెట్టుకోవాలి, మిగతావాళ్ళ గొడవ మనకెందుకని కుర్రాళ్ళకు బోధిస్తాడు. ఎవరికి వారే యమునా తీరే అన్నమాట. ఆ మాట పూర్తికాకుండానే గుమ్మం దగ్గర గంట మోగుతుంది. అంతవరకు గదిలో ఉన్న గులాబీ రంగు మెత్తటి వెలుతురు, వచ్చిన మనిషి లోపలికి అడుగుపెట్టగానే తెల్లగా, కఠినంగా మారాలని రచయిత రంగసూచన రాసుకున్నాడు.

వచ్చినవాడు ఇన్‌స్పెక్టర్ గూల్. ఈవా స్మిత్ అనే అమ్మాయి రెండు గంటల కిందట ఫినాయిల్ లాంటి మందు తాగి ఆసుపత్రిలో చనిపోయిందంటాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగుతాడు. బర్లింగ్ ఆమెను మిల్లులోంచి తీసేశాడు. షీలా బట్టల దుకాణంలోని ఉద్యోగం ఊడగొట్టించింది. జెరాల్డ్ చేరదీసి కొన్ని నెలల తర్వాత వదిలేశాడు. కొడుకు ఎరిక్ తాగిన మైకంలో ఆమె వెంటపడి, బలవంతం చేసి, గర్భవతిని చేశాడు. చివరికి సాయం కోసం మహిళల ధార్మిక సంఘానికి వెళ్తే, అక్కడ పెద్ద పీటమీద కూర్చున్న మిసెస్ బర్లింగ్ పైసా ఇవ్వకుండా పంపేయించింది.

ఎరిక్ చేసినదాన్ని పక్కన పెడితే, మిగతావాళ్ళలో ఒక్కరు కూడా చట్టం దాటలేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. మిల్లులో ఆడపిల్లల వారం జీతం ఇరవై రెండున్నర షిల్లింగులు. వాళ్ళడిగింది ఇరవై ఐదు. ఆ రెండున్నర షిల్లింగుల దగ్గర మొదలయింది ఆ పిల్ల పతనం. సమ్మె వీగిపోయాక నాయకత్వం వహించిన నలుగురైదుగురిని తీసేయడం ఏ యజమానికైనా మామూలు సంగతి. ఈవా పేరు కూడా బర్లింగ్‌కి వెంటనే గుర్తురాదు. ఫొటో చూశాకే గుర్తొస్తుంది.

షీలా చేసింది ఇంకా చిన్నది. తల్లి వద్దన్నా, దుకాణంలో అమ్మే ఆమె వద్దన్నా, ఒక గౌను వేసుకుని చూసుకుంది. నప్పలేదు. అంతకుముందు ఈవా ఆ గౌనును చూపించడానికి తన ఒంటికి ఆనించి పట్టుకున్నప్పుడు మాత్రం ఎంతో బాగుంది. అద్దంలో తనను చూసుకుంటుంటే, వెనక ఈవా పక్కనున్నామెతో నవ్వినట్టు కనిపించింది. అంతే. ఆ పిల్లని తీసేయకపోతే మా అమ్మ ఇక్కడి ఖాతా మూసేస్తుందని మేనేజర్‌తో చెప్పి వచ్చేసింది. అద్దంలో కనిపించిన ఒక నవ్వు. అసలది నవ్వో కాదో. చేసిన పని అరనిమిషంలో అయిపోయింది. దాని బరువు మాత్రం ఎప్పటికీ అవదు.

ప్రీస్ట్లీకి ఈ మనుషులు కొత్తవాళ్ళు కారు. బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టి పెరిగినవాడు. పదహారేళ్ళకే చదువు మాని ఉన్ని వ్యాపారుల ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. 1914లో సైన్యంలో చేరి, ఫ్రాన్స్ కందకాల్లో గాయపడ్డాడు. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో ఆదివారం రాత్రుళ్ళు బీబీసీ రేడియోలో మాట్లాడితే దేశమంతా చెవులు రిక్కించి వినేది. ఈ నాటకాన్ని 1944-45 చలికాలంలో రాశాడు. రాసింది రెండో యుద్ధం చివర, కథ నడిచింది మొదటి యుద్ధానికి ముందు. బర్లింగ్ ధీమాగా చెప్పే ప్రతి మాటా అబద్ధమయిందని హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. మీరు కూడా ఇలాగే ధీమాగా ఉన్నారేమో చూసుకోండని చెప్పకుండానే చెప్పడం కోసం ఆ ఎడం.

అయితే ఇంగ్లండ్ మీద, ఇంగ్లీషులో రాసిన ఈ నాటకం తొలి ప్రదర్శన ఇంగ్లండ్‌లో జరగలేదు. లండన్‌లో తగిన థియేటర్ ఖాళీ లేకపోయింది. ప్రీస్ట్లీ రాతప్రతిని రష్యాకు పంపించాడు. 1945లో, మాస్కోలో అలెగ్జాండర్ తయీరొవ్ నడిపే కామెర్నీ థియేటర్‌లో, లెనిన్‌గ్రాడ్‌లో నికొలాయ్ అకీమొవ్ నడిపే కామెడీ థియేటర్‌లో తెర లేచింది. ఒక మిల్లు యజమాని భోజనాల గదిని ముందుగా చూసినవాళ్ళు, మిల్లు యజమానులనేవాళ్ళే లేకుండా పోయిన దేశపు ప్రేక్షకులు.

వాళ్ళకు ఆ నాటకం ఎలా కనిపించి ఉంటుంది? పైకి చూస్తే జవాబు సులువు. పెట్టుబడిదారుల పాపం పండింది, చూడండి, అని. పాలకులు దాన్ని వేయనిచ్చింది కూడా అందుకే కావచ్చు. కానీ థియేటర్‌లో కూర్చునేది పాలకులు కాదు కదా. లెనిన్‌గ్రాడ్ ముట్టడి తొలగి అప్పటికి ఏడాదిన్నర. ఎనిమిది వందల డెబ్బై రెండు రోజులు ఆ ఊరు ఆకలికి మాడింది. ఒక దశలో చాలామందికి రోజుకు నూట పాతిక గ్రాముల రొట్టె. ఆ రొట్టెలోనే పక్కవాడితో పంచుకున్నవాళ్ళు, పంచుకోలేకపోయినవాళ్ళు కూడా ఆ కుర్చీల్లో ఉండి ఉంటారు. తలుపు తట్టి సాయమడిగితే లేదన్న మిసెస్ బర్లింగ్‌ని చూస్తూ వాళ్ళలో ఎవరెవరు ఎవరెవరిని తలుచుకున్నారో ఏ పత్రికా రాయదు.

మాస్కోలో ఇంకొకటి. 1930ల చివర్లో ఆ నగరంలో రాత్రిపూట గంట మోగడానికి ఒకే అర్థం ఉండేది. వచ్చినవాడి జేబులో పేర్లుండేవి, ఫొటోలుండేవి, ప్రశ్నలుండేవి. తయీరొవ్‌కి సమకాలికుడు, రష్యన్ రంగస్థలంలో మహానుభావుడు మెయెర్‌హోల్డ్‌ని అరెస్టు చేసి, చిత్రహింసలు పెట్టి చేయని నేరాలు ఒప్పించి, 1940 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఇది జరిగిన ఐదేళ్ళకు, అదే నగరంలో, రంగస్థలం మీద ఒక ఇన్‌స్పెక్టర్ చీకట్లోంచి వచ్చి ఒక కుటుంబాన్ని ఒక్కొక్కరిగా ప్రశ్నిస్తాడు. ప్రేక్షకులు ఆ మనిషిని చూసి న్యాయం వచ్చిందనుకున్నారా, భయం వచ్చిందనుకున్నారా? ఒకే మనిషిని చూస్తూ రెండూ అనుకోవచ్చా?

ఆ ప్రశ్న నాకు ఈ నాటకం గుండెకాయలా తోస్తుంది. ఎందుకంటే గూల్ వెళ్ళిపోయాక, అతను అసలు పోలీసే కాదని తేలుతుంది. జెరాల్డ్ బయట ఒక సార్జెంట్‌ని అడిగి వస్తాడు, ఆ పేరుతో ఎవరూ లేరట. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, అలాంటి చావేదీ నమోదు కాలేదంటారు. పెద్దవాళ్ళ ప్రాణం లేచి వస్తుంది. అధికారం లేనివాడు అడిగిన ప్రశ్నకు మనం జవాబుదారీ ఎందుకవుతాం, అంతా మోసం, ఎవడో ఆడిన నాటకం, అని నవ్వుకుంటారు. షీలా, ఎరిక్ నవ్వలేకపోతారు. అతను పోలీసు కాకపోతే మనం చేసినవి చేయనివైపోతాయా అన్నది వాళ్ళ బాధ. మాస్కోలో నిజమైన ఇన్‌స్పెక్టర్లకు అధికారమంతా ఉండేది, ప్రశ్నలో సత్యం ఉండేది కాదు. గూల్ దగ్గర అధికారం బొత్తిగా లేదు, ఉన్నదంతా ప్రశ్నే. ఆ ఎదురుబొదురు అద్దాల మధ్య కూర్చుని ఆ నాటకం చూడగలగడం ప్రపంచంలో ఇంకే నగరానికీ దక్కి ఉండదు.

1949లో 'రూపవాదం' అనే నింద వేసి తయీరొవ్ చేతిలోంచి కామెర్నీ థియేటర్‌ని లాక్కున్నారు. 1914లో తాను స్థాపించి, జీవితమంతా ధారపోసిన థియేటర్. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు. అకీమొవ్‌ని కూడా 1949లోనే కామెడీ థియేటర్ నుంచి తప్పించారు. ఆ సంతకాలు ఎవరెవరు పెట్టారో, కాగితాన్ని ఒక బల్ల మీదనుంచి ఇంకో బల్ల మీదకు ఎవరెవరు జరిపారో. ప్రతివాడూ నా పని నేను చేశాను, పైనుంచి వచ్చిందనే అని ఉంటాడు. బర్లింగ్ ఇల్లు పడిపోయిన చోట కూడా బర్లింగ్ మాట బతికే ఉంది.

లండన్‌లో తెర లేచింది 1946 అక్టోబర్ 1న, న్యూ థియేటర్‌లో, ఓల్డ్ విక్ బృందంతో. గూల్ పాత్రలో రాల్ఫ్ రిచర్డ్‌సన్, ఎరిక్‌గా అలెక్ గినెస్. అప్పటికే లేబర్ పార్టీ గెలిచి ఏడాది దాటింది. నిరుద్యోగికి, రోగికి, విధవకు ప్రభుత్వమే ఆసరాగా ఉండాలన్న చట్టాలు వస్తున్నాయి. నాటకం కోరినదే దేశం చేస్తుంటే నాటకం కాస్త ఆలస్యంగా వచ్చినట్టనిపించింది. విమర్శకులు పెద్దగా ఊగిపోలేదు. ఆ తర్వాత అది ఊరూరా ఔత్సాహిక నాటక సంఘాలు వేసుకునే, మంచి కుర్చీలు, మంచి పింగాణీ కావాల్సిన మర్యాదస్తుల నాటకంగా స్థిరపడింది.

న్యూయార్క్ సంగతి అలా కాదు. బ్రాడ్‌వేలోని బూత్ థియేటర్‌లో 1947 అక్టోబర్ 21న మొదలయింది. సరిగ్గా దానికి ముందురోజు, వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ సంఘం ఒకటి హాలీవుడ్ రచయితలను, దర్శకులను నిలబెట్టి నీవు కమ్యూనిస్టువా, నీ స్నేహితుల్లో ఎవరు కమ్యూనిస్టులు అని విచారించడం మొదలుపెట్టింది. జవాబు చెప్పనన్న పదిమంది ఆ తర్వాత జైలుకెళ్ళారు. ఒక నగరంలో అధికారం అడుగుతోంది, ఇంకో నగరంలో అధికారం లేనివాడు అడుగుతున్నాడు. ఒకడి ప్రశ్న పక్కవాడి పేరు చెప్పమంటుంది. ఇంకొకడి ప్రశ్న నీ పేరు నువ్వు చెప్పుకోమంటుంది. ఈ తేడా తెలుసుకోవడానికి ఆ వారంలో అమెరికావాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు లేదు. కానీ నాటకం 95 ప్రదర్శనలతో ఆగిపోయింది.

దేశం మారినప్పుడల్లా పేరూ మారింది. ఇంగ్లీషులో 'కాల్స్' అంటే ఇంటికి వచ్చి పలకరించడం, పిలవడం, ఫోన్ చేయడం కూడా. చివరి క్షణంలో ఫోన్ మోగి, ఒక అమ్మాయి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్తుంటే చనిపోయింది, విచారణకు ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని చెబుతుంది కాబట్టి ఆ మాట మూడు విధాలా అక్కరకొస్తుంది. రష్యన్లు 'అతడు వచ్చాడు' అని పెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరన్న మాటే తీసేశారు. ఆ దేశంలో అతడెవరో విడిగా చెప్పనక్కర్లేదేమో. బెంగాలీలు అజిత్ గంగోపాధ్యాయ్ అనుసృజనతో 'థానా థేకే ఆస్చి' అన్నారు, అంటే 'స్టేషన్ నుంచి వస్తున్నాను' అని. 1965లో అది ఉత్తమ్ కుమార్ నటించిన సినిమాగా కూడా వచ్చింది. రష్యన్లు తీసేసిన పోలీసును బెంగాలీలు పేరులోకే తెచ్చి కూర్చోబెట్టారు. తెల్లదొరలు వదిలివెళ్ళిన ఠాణా మన దగ్గర ఎంత గాఢమైన మాటో ఆ పేరే చెబుతుంది. గుమ్మంలో నిలబడి ఆ ఒక్క వాక్యం అంటే చాలు, కలకత్తాలోనైనా కాకినాడలోనైనా ఇంట్లోవాళ్ళ గుండె ఒకసారి జారుతుంది. ఠాణా నుంచి రాలేదని తెలిశాక మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. మన అంతరాత్మ ఠాణాతో పాటే వచ్చి ఠాణాతో పాటే వెళ్ళిపోతుందా?

ఇంగ్లీషులో 1954లో సినిమా తీసినప్పుడు ఒక పొరపాటు చేశారని నా నమ్మకం. ఈవాను తెర మీద చూపించారు. రంగస్థలం మీద ఆమె ఎప్పుడూ రాదు. మన చెవికి చేరేది ఆమె గురించి ఇతరులు చెప్పే మాటలే. ఫొటో చూపేటప్పుడు కూడా గూల్ ఒకరికి చూపింది పక్కవాళ్ళ కంట పడనివ్వడు. మొదటిది తండ్రికి, తర్వాత కూతురికి, తర్వాత తల్లికి. అందరికీ చూపింది ఒకే ఫొటోనా? చివరికి జెరాల్డ్ ఈ మెలిక పట్టుకుంటాడు. ఒక్క అమ్మాయే అని రుజువేది, ఐదుగురు వేర్వేరు అమ్మాయిలయి ఉండొచ్చు కదా, అప్పుడు ఎవరి పాపమూ చావుదాకా వెళ్ళలేదు కదా అంటాడు. ఎంత తెలివైన వాదన! ఒక్కరే అయితే అందరం హంతకులం, ఐదుగురయితే అందరం నిర్దోషులం.

ఈ లెక్క ఎక్కడ తప్పు? ఐదుగురు వేర్వేరు అయితే ఆ ఐదుగురూ ఏమయ్యారో బర్లింగ్ ఇంట్లో ఎవరూ అడగరు. బతికే ఉన్నారని ఎవరు చెప్పారు? ఒకే శవం అయితేనే పాపం, శవం కంటికి కనబడకపోతే పాపం లేదు. ఈ లెక్క బర్లింగ్‌ది ఒక్కడిదే కాదు. 2013 ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా భవనం కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయినప్పుడు, ఆ మిషన్ల మీద కుట్టిన చొక్కాలు ఎన్ని దేశాల్లో ఎంతమంది ఒంటిమీద ఉన్నాయో. అంతకుముందు రోజే ఆ గోడల్లో బీటలు కనిపించాయి. అయినా పనిలోకి రమ్మన్నారు. రమ్మన్నవాడు, వాడికి గడువు పెట్టినవాడు, ఆ గడువుకు ఆర్డరిచ్చినవాడు, చవగ్గా దొరికిందని కొనుక్కున్నవాడు. వరసలో చివరున్నవాడికి తన వాటా తెలియదు. తెలియకపోవడం వల్ల వాటా లేకుండా పోతుందా?

వాల్మీకి బోయవాడుగా ఉన్నప్పటి కథ మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళు లేరు. దారి కాచి దోచుకునేవాడితో, నువ్వు తెచ్చింది తినే పెళ్ళాం బిడ్డలు నీ పాపంలో పాలు పంచుకుంటారా, వెళ్ళి అడిగి రా, అన్నాడు ముని. పంచుకోమన్నారు వాళ్ళు. చిన్నప్పటినుంచీ ఈ కథ నేను, ఎవడి పాపం వాడిదే అన్న నీతిగా విన్నాను. ప్రీస్ట్లీ నాటకం ఆ కథని నాకు వెనక్కి తిప్పి చూపించింది. అడవిలో చచ్చిన బాటసారికి ఆ పెళ్ళాం బిడ్డలు నిజంగా ఏమీ బాకీ లేరా? అన్నం మాత్రం పంచుకుని, నెపం పంచుకోమనడం ఎంత సులువు! ఒకరి చావులో ఐదుగురికి పాలుంటే, ఒక్కొక్కరికి అయిదో వంతు వస్తుందనుకోవడం ఆస్తి పంపకాల లెక్క. నెపం అలా తెగదు. ఐదుగురు చూసిన సూర్యుడు ఐదు ముక్కలవడు. ప్రతివాడి కంట్లోనూ నిండు సూర్యుడే.

ఆ కథలో ఇంకో సంగతి ఉంది. ప్రశ్న అడిగిన మునిని ఆ బోయ చెట్టుకు కట్టేసి మరీ ఇంటికి వెళ్ళాడు. చెట్టుకు కట్టేసి ఉన్నవాడికి ఏం అధికారం ఉంటుంది? అయినా ఆ ప్రశ్న పనిచేసింది.

గూల్ దేవుడనీ, దెయ్యమనీ, కాలంలోంచి వెనక్కి వచ్చిన మనిషనీ పండితులు రాస్తుంటారు. పేరు దెయ్యాన్ని గుర్తుచేస్తుందని అది నిజం కానక్కర్లేదు. అతన్ని దేవుణ్ణి చేస్తే మళ్ళీ అతనికి అధికారం ఇచ్చేసినట్టే. మనం చిత్రగుప్తుడి చిట్టాకి భయపడి మంచిగా ఉంటే, చిట్టా లేదని తెలిసిన రోజు ఏమవుతాం? బర్లింగ్ దంపతులు అయినట్టే అవుతాం. ఇంకోవైపు మనకో తియ్యటి మందుంది. ఆ పిల్ల ఖర్మ అలా కాలింది అనేస్తాం. మా ఇళ్ళల్లో పురుగుల మందు తాగిన రైతుల కబురు వచ్చినప్పుడు కూడా ముందు వినిపించే మాట అదే. విత్తనాలమ్మినవాడి పేరు, వడ్డీకిచ్చినవాడి పేరు ఆ మాట కిందకి వెళ్ళి పడుకుంటాయి. ఖర్మ అన్నది చనిపోయినవాళ్ళను గురించి చెప్పే మాట కాదని, బతికున్నవాళ్ళు చేతులు కడుక్కునే నీళ్ళని నాకు ఈ వయసులో తోస్తోంది. పైన దేవుడున్నా లేకపోయినా, కింద ఠాణా ఉన్నా లేకపోయినా, పక్కన మనిషి ఉన్నాడు. అతను అడగకపోయినా అతనికి జవాబు చెప్పాల్సినవాళ్ళం మనం. దీనికంటే గట్టి ఆధారం నాకు దొరకలేదు, దొరకాలని కూడా లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం నేనూ అమ్మాయీ కలిసి నాటకానికి వెళ్ళాం. స్టీఫెన్ డాల్డ్రీ దర్శకత్వంలో 1992లో లండన్ నేషనల్ థియేటర్ వేసిన ప్రదర్శన అప్పటికీ ఊళ్ళు తిరుగుతూనే ఉంది. వ్యక్తులే ఉంటారు గానీ సమాజమనేదే లేదని మార్గరెట్ థాచర్ అన్న తర్వాత ఐదేళ్ళకు తయారైన ప్రదర్శన అది. మూలపడిన మర్యాదస్తుల నాటకాన్ని అతను, రంగాలంకరణ చేసిన ఇయన్ మెక్‌నీల్ కలిసి నడివీధిలోకి ఈడ్చుకొచ్చారు. వేదికంతా తడిసిన రాళ్ళ వీధి. నిజంగా వాన. మధ్యలో పొడుగాటి కర్రల మీద బొమ్మరిల్లు లాంటి ఇల్లు, మనిషి నిటారుగా పట్టనంత చిన్నది. లోపల బర్లింగ్ కుటుంబం పచ్చటి దీపాల వెలుగులో నవ్వుకుంటూ ఉంటే మనకు కిటికీల్లోంచి మాత్రమే కనిపిస్తుంది. కింద వీధిలో వానలో చిన్న పిల్లలు. పనిమనిషి ఎడ్నా కూడా ఎక్కువసేపు కిందనే, చలిలో. మూలంలో మాటలు చాలా తక్కువున్న పాత్ర. ఇక్కడ మాట్లాడకుండానే అంతా చూస్తూ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ లోపలికి వెళ్ళడు, వాళ్ళనే ఒక్కొక్కరిగా మెట్లు దింపి బురదలోకి రప్పిస్తాడు.

ఒక దశలో ఇల్లు ముందుకు ఒరిగి కూలుతుంది. పింగాణీ కంచాలు, గ్లాసులు, వెండి సామాను, అన్నీ గలగలమని రాళ్ళ మీదకు జారిపడతాయి. హాలు నిండా బడి పిల్లలే. అంతవరకు గుసగుసలాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి, అంతా మోసమని తేలిందనుకుని పెద్దవాళ్ళు తేరుకుంటూంటే ఆ ఇల్లూ తిరిగి నిలబడుతుంది. నాకు కూలడం కంటే ఆ నిలబడటమే ఎక్కువ భయం వేసింది.

ఆ గ్లాసుల చప్పుడు నన్ను వదల్లేదు. రాత్రి బల్ల దగ్గర అమ్మాయి తన వ్యాసం ముందేసుకుని, "నీ జవాబు చెప్పనే లేదు పెదనాన్నా" అంది. నేను దానికి ఒక స్టీలు గ్లాసు సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి.

నాకు పదేళ్ళప్పుడు మా ఇంట్లో అంట్లు తోమడానికి ఒకమ్మాయి వచ్చేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. ఒకరోజు అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన గ్లాసు కనబడలేదు, పేరు చెక్కించిన గ్లాసు. ఇల్లంతా వెతికారు. ఆ పిల్ల పొద్దున వెళ్ళేటప్పుడు ఓణీ కింద ఏదో దాచుకుని వెళ్ళిందన్నాను నేను. చూశానా? ఏదో పట్టుకుని వెళ్ళడం చూశాను. రాత్రి మిగిలిన అన్నం గిన్నె అయి ఉంటుంది, అమ్మే ఇచ్చేది రోజూ. కానీ ముందురోజు నేను గోలీలాటలో ఓడిపోతే అది నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. మర్నాడు దాన్ని పనిలోంచి మానిపించారు. వాళ్ళమ్మ వచ్చి అరుగు కింద నిలబడి ఏడిచింది. సంక్రాంతికి బియ్యం డబ్బా జరిపితే వెనక గ్లాసు దొరికింది.

"ఆ అమ్మాయి పేరేంటి?" అంది మా అమ్మాయి. గుర్తు రాలేదు. చాలాసేపు వెతుక్కున్నాను. మొహం గుర్తుంది, చేతికి వేసుకున్న ప్లాస్టిక్ గాజులు గుర్తున్నాయి, పేరు లేదు.

తెల్లవారుజామున అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ పూజయిపోయి కాఫీ తాగే వేళ. ఎనభై ఆరేళ్ళ మనిషి, వినికిడి తగ్గింది, రెండుసార్లు చెప్పాల్సివచ్చింది.

"ఇప్పుడెందుకురా అది?" అంది ముందు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమోనని అమ్మా, అమ్మా అని పిలిచాను.

"ఆ తర్వాత మన వీధిలో ఎవ్వరూ దాన్ని పనిలో పెట్టుకోలేదు నాన్నా" అంది. "గ్లాసు దొరికిందని మనం ఎవరికీ చెప్పలేదు."